తెలుగు వెబ్ పేజీలో ఫుట్‌నోట్లు: వినే పాఠకులు కూడా వెళ్లి, తిరిగి రాగలిగేలా

కాకతీయుల చరిత్ర మీదో, మేడారం జాతర మీదో, ఒగ్గు కథల మీదో తెలుగులో వెబ్ పేజీ పెట్టేవాళ్లకు ఫుట్‌నోట్లు లేకుండా పని నడవదు. శాసనం ఎక్కడ దొరికింది, దాని తేదీ శక సంవత్సరంలో ఎంత, ఆ మాట ఏ పుస్తకం నుంచి వచ్చింది, ఇవన్నీ అడుగున రాయాల్సినవే. చూపు ఉన్నవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు. అక్షరం పైన చిన్న అంకె కనబడుతుంది, కన్ను కిందికి పోయి మళ్లీ ఆగిన చోటికే వస్తుంది. స్క్రీన్ రీడర్‌తో పేజీని వినే పాఠకులకు, మౌస్ పట్టుకోలేక కీబోర్డుతోనే తిరిగేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. పేజీ తయారుచేసినవాళ్లు దారి వేస్తేనే వాళ్లు నడవగలరు.

ఆ దారికి మూడు భాగాలు. ఇక్కడ ఒక ఫుట్‌నోట్ ఉందని తెలియాలి. కావాలనుకుంటే దాన్ని చేరగలగాలి. చదివాక సరిగ్గా వదిలిన మాట దగ్గరికే తిరిగి రావాలి. మొదటి రెండూ చాలా పేజీల్లో ఎంతో కొంత ఉంటాయి. మూడోది ఉండదు. పోటీ పరీక్ష కోసం తెలంగాణ చరిత్ర వింటున్న విద్యార్థి పన్నెండో ఫుట్‌నోట్‌కు వెళ్లి తిరిగి రాలేకపోతే, వ్యాసం మొత్తం మొదటి నుంచి వినాలి. రెండుసార్లు అలా జరిగితే ఇక ఫుట్‌నోట్ల జోలికే పోరు. అంటే మీరు కష్టపడి చూపించిన ఆధారాలు వాళ్ల వరకు చేరవు.

కోడ్ పేర్లన్నీ ఇక్కడ పలికే తీరులో రాశాం. పేజీలో మాత్రం అవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

ముందు వాక్యం సరిచేయాలి

కోడ్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ విషయం ఫుట్‌నోట్‌లో ఉండాల్సిందేనా? మేడారం గురించి రాస్తూ 'భక్తులు గద్దెల దగ్గర బంగారం సమర్పిస్తారు' అని చెప్పి, పైన 1 వేసి, అడుగున 'ఇక్కడ బంగారం అంటే బెల్లం' అని రాశారనుకోండి. ఆ లింకు నొక్కకుండా ముందుకు సాగిన శ్రోతకు వాక్యం తప్పుగా అర్థమైంది. అర్థానికి అవసరమైన మాట వాక్యంలోనే ఉండాలి: 'భక్తులు బంగారంగా పిలుచుకునే బెల్లాన్ని గద్దెల దగ్గర సమర్పిస్తారు.' అడుగున ఆధారాలు, పాఠభేదాలు, ఆసక్తి ఉన్నవాళ్లకు పనికొచ్చే అదనపు వివరాలు ఉంటే చాలు. వినేవాళ్లకు ప్రతి రాకపోకా కొన్ని సెకన్ల శ్రమ, కొంత ఏకాగ్రత నష్టం. ఇలా వడపోస్తే ఫుట్‌నోట్ల సంఖ్య తగ్గుతుంది, పేజీ అందరికీ తేలికవుతుంది.

తర్వాత అంకె ఎక్కడ పెట్టాలి అనేది. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఇక్కడ మన భాషకే ప్రత్యేకమైన తప్పు ఒకటి జరుగుతుంది. 'వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు' అనే వాక్యంలో చాలామంది అంకెను 1163కీ 'లో'కీ మధ్య ఇరికిస్తారు. లింకు లేకుండా, అంకెను పైకి లేపే సప్ ట్యాగ్ మాత్రమే ఉంటే స్క్రీన్ రీడర్‌కు అది 11631గా కనబడుతుంది. 'పదకొండు వేల ఆరు వందల ముప్పై ఒకటి' అని చదివి, తర్వాత 'లో' అని విడిగా పలుకుతుంది. లింకు ఉన్నా మాట మధ్యలో 'లింక్, ఒకటి' అని దూరి, 'లో' తెగిపోయి వినబడుతుంది. కాబట్టి అంకె ఎప్పుడూ మొత్తం మాట తర్వాతే, విభక్తి కూడా అయిపోయాకే రావాలి. ఫుట్‌నోట్ వాక్యం మొత్తానికి చెందితే పూర్ణవిరామం తర్వాత పెట్టడం ఇంకా మంచిది. వాక్యం పూర్తిగా విన్నాక 'ఫుట్‌నోట్ 1' అని వినబడుతుంది, ధార తెగదు.

అంకెకు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే, అంటే [1] అని రాస్తే, రెండు లాభాలు. సంవత్సరానికి అంకె అతుక్కోదు. ఎవరైనా పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినా పైఅంకె ఆకారం పోయి 1163 కాస్తా 11631 అయ్యే ప్రమాదం ఉండదు. నక్షత్రం (*), బాకు (†) గుర్తులు వాడకండి. విరామచిహ్నాలను ఎంతవరకు చదవాలన్న సెట్టింగ్‌ను బట్టి స్క్రీన్ రీడర్ వాటిని చదవవచ్చు, వదిలేయవచ్చు. తెలుగు అంకెలు ౧, ౨, ౩ చూడ్డానికి అందంగా ఉన్నా ఇక్కడ వద్దు. స్క్రీన్ రీడర్లలో చదివే గొంతులన్నీ వాటిని ఒకేలా పలకవు, చూసి చదివేవాళ్లలోనూ చాలామందికి ఇప్పుడు అలవాటు లేదు.

శీర్షికల్లో ఫుట్‌నోట్ అంకె పెట్టకూడదు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు మొదట శీర్షికలనే జాబితాగా విని పేజీ అంచనా వేస్తారు. ప్రతి శీర్షిక చివరా 'లింక్, 4' అని వస్తే ఆ జాబితా చెడిపోతుంది. పైగా విషయసూచికను తనంతట తయారుచేసే ప్లగిన్ ఆ లింకునూ, దాని ఐడీనీ (పేజీలో ఆ చోటికి ఇచ్చిన పేరు) కాపీ చేసిందంటే ఒకే ఐడీ రెండు చోట్ల పడుతుంది. శీర్షికకు వివరణ కావాలంటే దాని కింది మొదటి వాక్యానికి తగిలించండి.

వ్యాసంలోని లింకు

హెచ్‌టీఎంఎల్‌లో ఫుట్‌నోట్ కోసం ప్రత్యేకమైన ట్యాగ్ లేదు. మామూలు లింకులతోనే కట్టుకోవాలి. వ్యాసంలో అంకె ఉన్న చోట బయట సప్ ట్యాగ్, దాని లోపల లింకుకు వాడే 'ఏ' (a) ట్యాగ్ పెట్టండి. ఈ 'ఏ' ట్యాగ్‌కు నాలుగు లక్షణాలు కావాలి.

మొదటిది హెచ్‌రెఫ్. హాష్ గుర్తు (#) తర్వాత అడుగున ఉన్న నోట్ ఐడీ రాయాలి. రెండోది ఈ లింకు సొంత ఐడీ. తిరుగు ప్రయాణం దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇది తప్పనిసరి. ఐడీని పేరాకో, సప్‌కో కాకుండా 'ఏ' ట్యాగ్‌కే ఇవ్వండి. లింకు మీద కీబోర్డు ఫోకస్ (కీలు నొక్కితే పనిచేసే చోటు) నిలుస్తుంది, పేరా మీద నిలవదు. పేరాకు ఇస్తే తిరిగి వచ్చిన శ్రోత పేరా మొదట్లో పడతారు.

మూడోది ఏరియా-లేబుల్ (aria-label), అంటే స్క్రీన్ రీడర్ చదివే పేరు, విలువ 'ఫుట్‌నోట్ 1'. ఇది లేకపోయినా పక్క వాక్యాన్ని బట్టి లింకు ఏమిటో తెలుస్తుంది కాబట్టి నియమం తప్పినట్లు కాదు. కానీ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కి లింకుల జాబితా తెరిచినవాళ్లకు 'ఒకటి, రెండు, మూడు' అని మాత్రమే వినబడితే అవి పేజీ సంఖ్యలో, ఫుట్‌నోట్లో తెలియదు. తెరమీద కనిపించే అంకె లేబుల్‌లో కూడా ఉండాలి, 'ఫుట్‌నోట్ చూడండి' అని మాత్రమే రాస్తే కుదరదు. గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్లు తాము చూసిన అంకెనే పలికి ఆ లింకును నొక్కిస్తారు. ఇంకొక అడుగు వేసి 'ఫుట్‌నోట్ 1, ఆధారం' లేదా 'ఫుట్‌నోట్ 2, వివరణ' అని రాయడం చాలా మేలు. పుస్తకం పేరూ పుట సంఖ్యా మాత్రమే ఉన్న చోటికి అక్కర లేకుండా వెళ్లే పని తప్పుతుంది.

నాలుగోది రోల్, విలువ 'డాక్-నోట్‌రెఫ్'. డిజిటల్ ప్రచురణల కోసం, వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2017లో ఇచ్చిన రోల్స్‌లో ఇదొకటి. ఇది ఫుట్‌నోట్‌కు తీసుకెళ్లే లింకు అని యంత్రానికి చెబుతుంది. కొన్ని స్క్రీన్ రీడర్లు దీన్ని ప్రకటిస్తాయి, కొన్ని 'లింక్' అని ఊరుకుంటాయి. అందుకే రోల్ మీదే భారం వేయకూడదు. లేబుల్ ఒక్కటే విన్నా సంగతి అర్థం కావాలి.

ఐడీల పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఒక పేజీలో ఒక ఐడీ ఒక్కసారే ఉండాలి. ప్రతి వ్యాసంలోనూ 'ఎఫ్‌ఎన్1', 'ఎఫ్‌ఎన్2' అని పెట్టుకుంటూ పోతే విడివిడి పేజీల్లో అంతా బాగానే ఉంటుంది. ఐదు వ్యాసాలు పూర్తిగా కనిపించే మొదటి పేజీలో మాత్రం ఏ అంకె నొక్కినా మొదటి వ్యాసం నోట్‌కే పోతుంది. వ్యాసం పేరు ముందు చేర్చండి: 'రామప్ప-ఎఫ్‌ఎన్-' అన్న తీరులో. చివర అంకెకు బదులు విషయాన్ని సూచించే మాట పెడితే ఇంకా మంచిది, ఉదాహరణకు 'రామప్ప-ఎఫ్‌ఎన్-శాసనం'. రేపు మధ్యలో కొత్త ఫుట్‌నోట్ చేరి అంకెలు మారినా, ఎవరో వేరే చోట ఇచ్చుకున్న లింకు చెడిపోదు. ఐడీలో తెలుగు అక్షరాలు వాడినా బ్రౌజర్ ఒప్పుకుంటుంది. కానీ ఆ లింకును కాపీ చేస్తే చాలాసార్లు శాతం గుర్తుల వరుసగా మారిపోతుంది, అందుకే ఇంగ్లీషు అక్షరాలే మేలు.

అడుగున జాబితా

ఫుట్‌నోట్లన్నీ వ్యాసం చివర, ఒకే సెక్షన్ ట్యాగ్‌లో ఉండాలి. వ్యాసం ముగిసిన వెంటనే, 'ఇవి కూడా చదవండి' పెట్టెకూ వ్యాఖ్యలకూ ముందే. సెక్షన్‌కు 'డాక్-ఎండ్‌నోట్స్' రోల్ ఇవ్వండి. లోపల మొదట ఒక శీర్షిక, అసలైన హెచ్2 ట్యాగ్‌తో: 'ఫుట్‌నోట్లు' లేదా 'పాదసూచికలు'. ఆ శీర్షిక ఐడీని సెక్షన్‌కు ఏరియా-లేబుల్డ్‌బై ద్వారా కలపండి. గీత మాత్రమే గీసి వదిలేస్తే, వరసగా వింటూ వచ్చినవాళ్లకు వ్యాసం ఎక్కడ అయిపోయిందో తెలియదు. చివరి వాక్యం తర్వాత హఠాత్తుగా పుస్తకాల పేర్లు మొదలవుతాయి.

శీర్షిక కింద అంకెల జాబితాకు వాడే ఓఎల్ ట్యాగ్, దానిలో ఒక్కో నోట్‌కు ఒక ఎల్‌ఐ ట్యాగ్. దీనివల్ల 'జాబితా, 14 అంశాలు' అని ముందే తెలుస్తుంది. ఎల్‌ఐకి ఐడీ ఇవ్వండి, దానితోపాటు ట్యాబ్‌ఇండెక్స్ విలువ మైనస్ 1 పెట్టండి. మైనస్ 1 అంటే ట్యాబ్ నొక్కుతూ పోయేటప్పుడు అక్కడ ఆగదు, లింకు ద్వారా వస్తే మాత్రం ఫోకస్ అక్కడ నిలుస్తుంది. ఇది లేకపోతే కొన్ని ఫోన్లలో తెర కిందికి జరుగుతుంది గానీ చదివే గొంతు మాత్రం పైనున్న పాత చోటే ఉండిపోతుంది. చూసేవాళ్లకు అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఈ లోపం ఎవరూ చెప్పేదాకా బయటపడదు. ట్యాబ్‌ఇండెక్స్‌కు 0 పెట్టకండి, ప్రతి నోట్ దగ్గరా అనవసరంగా ఒక ట్యాబ్ ఎక్కువవుతుంది.

ఎల్‌ఐకి 'డాక్-ఫుట్‌నోట్', 'డాక్-ఎండ్‌నోట్' లాంటి రోల్స్ తగిలించడం కొన్ని పాత నమూనాల్లో కనబడుతుంది. అలా చేస్తే ఎల్‌ఐ తన సహజమైన 'జాబితాలో అంశం' హోదా పోగొట్టుకుంటుంది, జాబితా లెక్క చెడిపోతుంది. ఎల్‌ఐని ఎల్‌ఐగానే వదిలేయండి.

అంకెలను సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే కోడ్) కౌంటర్లతో పుట్టించే పద్ధతి ఒకటుంది. నంబర్లు తమంతట మారతాయని సులువుగా తోస్తుంది. కానీ అలా పుట్టిన అంకె కాపీ చేసినప్పుడు రాదు, పేజీలో వెతికితే దొరకదు. వ్యాసంలోని అంకె నిజమైన పాఠంగానే ఉండాలి.

తిరిగి వచ్చే దారి

ప్రతి నోట్ చివర వెనక్కి తీసుకెళ్లే లింకు ఉండాలి. హెచ్‌రెఫ్‌లో వ్యాసంలోని ఆ అంకె ఐడీ, రోల్ 'డాక్-బ్యాక్‌లింక్'. సాధారణంగా దీనికి వంపు బాణం గుర్తు (↩) ఒక్కటే పెడతారు. స్క్రీన్ రీడర్ దాన్ని చదవకుండా వదలొచ్చు, లేదా 'కొక్కెం ఉన్న ఎడమ బాణం' అన్న అర్థంలో ఇంగ్లీషులో ఏదో చదవొచ్చు. పద్నాలుగు నోట్లకు పద్నాలుగుసార్లు అదే మాట. కాబట్టి ఏరియా-లేబుల్‌లో 'వ్యాసంలో ఫుట్‌నోట్ 3 దగ్గరికి తిరిగి వెళ్లండి' అని రాయండి. చోటు ఉంటే బాణానికి బదులు 'వ్యాసంలోకి' అన్న మాటే తెరమీద కనిపించేలా రాస్తే అందరికీ పనికొస్తుంది. అప్పుడు లేబుల్ కూడా 'వ్యాసంలోకి, ఫుట్‌నోట్ 3 దగ్గరికి' అని ఆ మాటతోనే మొదలవ్వాలి. బాణమే ఉంచేట్టయితే ఒక చిన్న చిక్కు: ఐఫోన్‌లో అది రంగుల ఎమోజీగా మారుతుంది. బాణం వెంటనే యూనికోడ్ ఎఫ్ఈ0ఈ అక్షరాన్ని చేరిస్తే మామూలు గుర్తుగానే ఉంటుంది.

ఒకే నోట్‌ను వ్యాసంలో రెండు మూడు చోట్ల వాడితే తిరుగు లింకులు కూడా అన్ని ఉండాలి. బయ్యారం చెరువు శాసనాన్ని వంశావళి దగ్గర ఒకసారి, మైలాంబ దగ్గర ఇంకొకసారి ఉదహరించారనుకుందాం. రెండు అంకెలకూ వేర్వేరు ఐడీలు ఇచ్చి, నోట్ చివర రెండు లింకులు పెట్టండి. లేబుళ్లు 'మొదటి ప్రస్తావనకు, వంశావళి', 'రెండో ప్రస్తావనకు, మైలాంబ' అని ఉంటే ఎటు నుంచి వచ్చామో గుర్తుపట్టడం సులువు. ఒకే ఐడీ రెండుసార్లు పెడితే బ్రౌజర్ ఎప్పుడూ మొదటి చోటికే తీసుకెళ్తుంది.

పేజీ పైభాగంలో అతుక్కుని ఉండే మెనూ పట్టీ ఉంటే, దూకి వచ్చిన వరుస సరిగ్గా దాని కింద దాక్కుంటుంది. తెరను పెద్దది చేసుకుని చదివేవాళ్లకు ఇది పెద్ద ఇబ్బంది. నోట్లకూ, వ్యాసంలోని అంకెలకూ రెండింటికీ సీఎస్‌ఎస్‌లో స్క్రోల్-మార్జిన్-టాప్ ఇవ్వండి. పట్టీ ఎత్తు 64 పిక్సెళ్లయితే 6 రెమ్ (మామూలుగా 96 పిక్సెళ్లు) సరిపోతుంది. చాలామంది దీన్ని నోట్లకు ఇచ్చి అంకెలకు ఇవ్వడం మరిచిపోతారు. వెళ్లడం బాగుంటుంది, వచ్చేటప్పుడు వరుస మాయమవుతుంది.

దూకిన చోటు కంటికి కూడా తెలియాలి. టార్గెట్ అనే సూడో క్లాస్‌తో ఆ నోట్‌కు లేత రంగు నేపథ్యం, దానితోపాటు ఎడమ పక్క 4 పిక్సెళ్ల గీత ఇవ్వండి. రంగులు గుర్తుపట్టలేనివాళ్ల కోసం గీత కూడా ఉండాలి. నెమ్మదిగా జారే స్క్రోలింగ్ పెట్టి ఉంటే, కదలికలు తగ్గించమని ఫోన్‌లో సెట్ చేసుకున్నవాళ్లకు అది ఆగిపోయేలా ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ నియమం రాయండి. పొడుగు పేజీలో ఆ జారుడుకు కొందరికి కళ్లు తిరుగుతాయి.

నోట్‌లో రాసే తెలుగు

కోడ్ అంతా సరిగ్గా ఉండి, నోట్ పాఠం వినడానికి పనికిరాకపోవచ్చు. అచ్చు పుస్తకాల అలవాట్లు ఇక్కడ అడ్డొస్తాయి. 'అదే, పు. 45' అన్నది కాగితం మీద పైనున్న నోట్‌ను చూస్తూ చదివేవాళ్ల కోసం పుట్టిన పద్ధతి. ఏడో నోట్‌కు నేరుగా దూకి వచ్చిన శ్రోతకు ఆరో నోట్‌లో ఏముందో తెలియదు. ప్రతి నోట్‌లోనూ రచయిత ఇంటిపేరు, పుస్తకం పేరు పొట్టిగానైనా మళ్లీ రాయండి. 'పు.' అంటే గొంతు 'పు' అని ఆగుతుంది, 'పుట' అని పూర్తిగా రాయండి. 'క్రీ.శ.' లాంటి చుక్కల పొడి అక్షరాల దగ్గర కొన్ని గొంతులు వాక్యం అయిపోయినట్టు ఆగుతాయి. 'శక సంవత్సరం 1084, అంటే క్రీస్తు శకం 1163' అని రాస్తే తడబాటు ఉండదు.

వెబ్ చిరునామాలను ఉన్నవి ఉన్నట్టు అతికించకండి. ముఖ్యంగా తెలుగు వికీపీడియా పేజీ చిరునామా కాపీ చేస్తే తెలుగు అక్షరాలు శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాల పొడవాటి వరుసగా మారతాయి. స్క్రీన్ రీడర్ దాన్ని ఒక్కో అక్షరంగా నిమిషం పైన చదువుతుంది. పేజీ పేరునే లింకు పాఠంగా ఇవ్వండి.

పేజీ భాష హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లోనే లాంగ్ లక్షణంతో తెలుగు అని చెప్పాలి, దాని కోడ్ 'టీఈ'. థీమ్‌లో అది ఇంగ్లీషుగా ఉండిపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను వదిలేసి అంకెలు మాత్రమే చదివే సందర్భాలు ఉన్నాయి. నోట్లలో ఇంకో పని ఉంది. ఓరుగల్లు చరిత్ర రాసేటప్పుడు సంస్కృత శాసన పాఠం, నిజాం కాలపు ఉర్దూ పత్రం, ఇంగ్లీషు పుస్తకం పేరు ఒకే నోట్‌లో రావచ్చు. ఆ ముక్కలను విడివిడిగా స్పాన్ ట్యాగ్‌లో పెట్టి, ఒక్కోదానికి దాని లాంగ్ కోడ్ ఇవ్వండి: సంస్కృతానికి 'ఎస్ఏ', ఉర్దూకు 'యూఆర్', ఇంగ్లీషుకు 'ఈఎన్'. ఉర్దూ ముక్కకు డిర్ లక్షణం 'ఆర్‌టీఎల్' కూడా కావాలి. లేకపోతే పక్కనున్న పుట సంఖ్య, కామా అటూ ఇటూ గెంతి, 'పుట 45' తెరమీద తారుమారవుతుంది. తెలుగు లిపిలోనే రాసిన సంస్కృత శ్లోకానికి మాత్రం లాంగ్ కోడ్ మార్చకండి. సంస్కృత గొంతు లేని ఫోన్‌లో మంచిగా చదివే తెలుగు గొంతును మీరే ఆపినట్టవుతుంది.

కంటికి ఎలా కనబడాలి

తెలుగు వరుసల్లో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు థీమ్‌లు ఇచ్చే 1.4 లైన్-హైట్‌లో పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస పైఅంకెను గుద్దుకుంటుంది. తెలుగు పేరాకు 1.7 లేదా 1.8 ఇవ్వండి. సప్ ట్యాగ్‌కు లైన్-హైట్ 0 పెట్టండి, లేకపోతే అంకె ఉన్న వరుస మాత్రమే దూరంగా జరిగి పేరా ఎగుడుదిగుడుగా కనబడుతుంది. అంకె సైజు 0.75 ఈఎమ్ (చుట్టూ ఉన్న పాఠం సైజులో ముప్పావు) కన్నా తగ్గించవద్దు. పాఠం 18 పిక్సెళ్లయితే అంకె 13.5 వస్తుంది, అంతకన్నా చిన్నదైతే 6, 8, 9 కలిసిపోతాయి.

వేలితో నొక్కడానికి చోటు చాలాలి. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకం నొక్కే చోటుకు కనీసం 24 పిక్సెళ్ల చదరం అడుగుతుంది. వాక్యం మధ్యలోని లింకులకు అందులో మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని వదిలేయకండి, చేయి వణికేవాళ్లకు 13 పిక్సెళ్ల '1' దొరకదు. 'ఏ' ట్యాగ్‌కు అటూ ఇటూ 0.5 ఈఎమ్, పైనా కిందా 0.4 ఈఎమ్ ప్యాడింగ్ ఇస్తే వరుస ఎత్తు మారకుండానే నొక్కే చోటు పెరుగుతుంది. పైనా కిందా అంతకు మించితే పక్క వరుసలోని లింకు మీదికి పాకుతుంది. బ్రాకెట్లు కూడా లింకు లోపలే ఉంటే వెడల్పు ఇంకొంత కలుస్తుంది.

నోట్ల పాఠాన్ని లేత బూడిద రంగులో పెట్టడం ఒక అలవాటుగా మారింది. తెల్లని నేపథ్యం మీద #999999 రంగుకు కాంట్రాస్ట్ సుమారు 2.85 వస్తుంది, ఉండాల్సింది 4.5. కనీసం #767676 అయినా కావాలి. తెలుగు అక్షరాల్లో సన్నని తలకట్టులు, చిన్న సున్నాలు ఉంటాయి కాబట్టి #555555కి వెళ్లడమే మంచిది. లింకు కింద గీత తీసేయకండి. ట్యాబ్‌తో వచ్చినప్పుడు కనిపించే ఫోకస్ చట్రాన్ని థీమ్ తీసేసి ఉంటే 2 పిక్సెళ్ల మందంతో తిరిగి పెట్టండి.

అంకె దగ్గరే తెరుచుకునే పెట్టెలు

అంకె మీద మౌస్ పెడితే నోట్ కనిపించే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. దీన్ని టైటిల్ లక్షణంతో చేస్తే ఫోన్‌లో కనబడదు, కీబోర్డుతో రాదు. ఆ దారి పూర్తిగా వదిలేయండి. స్క్రిప్ట్‌తో చేసే పెట్టె అయితే మూడు షరతులు: ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, మౌస్‌ను పెట్టె మీదికి జరిపినా మాయం కాకూడదు, పాఠకుడు పక్కకు పోయేదాకా ఉండాలి. మౌస్ కన్నా నొక్కితే తెరుచుకునే బటన్ మేలు. ఇప్పటి బ్రౌజర్లలో ఉన్న పాపోవర్ లక్షణంతో స్క్రిప్ట్ లేకుండానే ఇది కుదురుతుంది. ఎస్కేప్ పని కూడా దానంతట అదే జరుగుతుంది. పాపోవర్‌ను పేరా లోపల పెట్టాలంటే డివ్ వాడకండి, స్పాన్ వాడండి. డివ్ గానీ డీటెయిల్స్ గానీ పేరా మధ్యలో వస్తే బ్రౌజర్ ఆ పేరాను అక్కడే ముగించేస్తుంది, వాక్యం రెండు ముక్కలవుతుంది. ఏ పెట్టె పెట్టినా అడుగున జాబితా మాత్రం ఉండాల్సిందే, ప్రింట్ తీసుకున్నప్పుడు పెట్టెలు రావు.

వర్డ్, వర్డ్‌ప్రెస్, అను ఫాంట్లు

చేత్తో కోడ్ రాయనివాళ్లే ఎక్కువ. వర్డ్‌ప్రెస్‌లో 2023 ఆగస్టులో వచ్చిన 6.3 నుంచి ఫుట్‌నోట్ సౌకర్యం లోపలే ఉంది. అది విడివిడి ఐడీలు, తిరుగు లింకులు తనే ఇస్తుంది. పైన శీర్షిక మాత్రం పెట్టదు, జాబితాకు ముందు హెచ్2 మీరే చేర్చాలి. సైటు భాష తెలుగుగా ఎంచుకోకపోతే తిరుగు లింకు లేబుల్ ఇంగ్లీషులోనే వస్తుందని కూడా గమనించండి.

వర్డ్ ఫైల్ నుంచి నేరుగా కాపీ చేసి అతికిస్తే ఫుట్‌నోట్ లింకులు వస్తాయి గానీ ఎక్కువసార్లు చెల్లవు. కొన్నిసార్లు వాటి చిరునామా మీ కంప్యూటర్‌లోని ఫైల్‌కు చూపుతుంది, కొన్నిసార్లు లింకు మిగిలి గమ్యం ఐడీ ఎగిరిపోతుంది. రెండు ఫైళ్లు ఒకే పేజీలో అతికిస్తే ఐడీలు ఢీకొంటాయి. ఉచితంగా దొరికే పాన్‌డాక్ అనే పనిముట్టుతో వర్డ్ ఫైల్‌ను హెచ్‌టీఎంఎల్‌గా మార్చడం మేలు. పైన చెప్పిన రోల్స్, ఐడీలు అదే వేస్తుంది. ఐడీ-ప్రిఫిక్స్ అనే ఆప్షన్‌తో వ్యాసం పేరు ముందు చేర్చుకోవచ్చు. శీర్షిక, తిరుగు లింకుల తెలుగు లేబుళ్లు మీరు కలపాలి.

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేయించిన పాత పుస్తకాన్ని వెబ్‌లోకి తేవాలంటే ముందు ఇంకో మెట్టు ఉంది. అను లాంటి పాత ఫాంట్లలోని పాఠం కంప్యూటర్‌కు తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. స్క్రీన్ రీడర్ దాన్ని అలాగే చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చాకే మిగతా పని. కన్వర్టర్‌లో వేసినప్పుడు పైఅంకెల రూపం పోయి అవి మామూలు అంకెలుగా పక్క మాటకు అతుక్కుంటాయి. 1213 కాస్తా 12135 అవుతుంది, రామప్ప గుడి తేదీ చదివేవాళ్లకు అదేమిటో అంతుబట్టదు. మార్చక ముందే పేజ్‌మేకర్ ఫైల్‌లో ప్రతి పైఅంకె చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టించండి. కంపోజర్‌కు అది కొద్ది పని, మార్చాక వెతుక్కునే పని మాత్రం రోజులు పడుతుంది. మార్చిన తర్వాత నాలుగంకెలు దాటిన ప్రతి సంఖ్యను వెతికి అచ్చు ప్రతితో పోల్చండి.

పరీక్షించడం

మొదట మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ నొక్కుతూ మొదటి అంకె దాకా పోండి. ఎంటర్ నొక్కితే నోట్ దగ్గర ఉండాలి. ఇంకోసారి ట్యాబ్ నొక్కితే ఆ నోట్‌లోని లింకు మీదే, లింకులు వేరే లేకపోతే తిరుగు లింకు మీద పడాలి. మొదటి మెనూ మీద పడిందంటే ఫోకస్ జరగలేదు, ఎల్‌ఐ ట్యాబ్‌ఇండెక్స్ చూడండి. తిరుగు లింకు మీద ఎంటర్ నొక్కి, వెంటనే ట్యాబ్ నొక్కితే వ్యాసంలోని తర్వాతి లింకు రావాలి. మొదటి నోట్‌తో పాటు చివరిదాన్నీ, రెండుసార్లు వాడినదాన్నీ తప్పకుండా ఇలా చూడండి.

తర్వాత వినాలి. విండోస్‌లో ఎన్‌వీడీఏ ఉచితం, దాంతో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. కే నొక్కితే ఒక లింకు నుంచి ఇంకో లింకుకు, హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. మన దగ్గర ఎక్కువమంది వాడేది ఫోనే కాబట్టి ఈ పరీక్ష మానకండి. కుడికి తోస్తూ పోయి, అంకె వినబడగానే రెండుసార్లు తట్టండి. ఇప్పుడు మళ్లీ కుడికి తోస్తే నోట్‌లోని పాఠం వినబడాలి. వ్యాసంలోని తర్వాతి మాట వినబడితే తెర జరిగింది గానీ గొంతు జరగలేదు. తెర చూడకుండా చేస్తేనే ఈ తేడా పట్టుబడుతుంది. ఫోన్ బోర్లా పెట్టి ఒక పేరా మొత్తం, అందులోని నోట్లతో సహా విని చూడండి.

చివరగా బ్రౌజర్‌లో 400 శాతానికి పెద్దది చేసి అంకెలు, నోట్లు పక్కకు తెగిపోకుండా ఉన్నాయో చూడండి. ప్రింట్ ప్రివ్యూ తెరిచి జాబితా వచ్చిందో లేదో చూడండి. 'ఇంకా చదవండి' బటన్ వెనుక వ్యాసం సగం దాచే థీమ్ అయితే నోట్లు కూడా దాగిపోతాయి, పైన ఉన్న అంకె నొక్కినా ఏమీ జరగదు. అలాంటి థీమ్‌లో ఆ బటన్‌ను ఫుట్‌నోట్లున్న వ్యాసాలకు తీసేయడమే పరిష్కారం.